సిరాజ్ కొడుకు ట్రయల్ కొట్టిన బండి

ఆటోనగర్ వెనక మెకానిక్కుల సందులో ట్రయల్ కొట్టడాన్ని బండి నడపడం అని ఎవరూ అనుకోరు. నడపడమంటే లైసెన్సు ఉన్నవాడు, పని మీద పోయేవాడు చేసేది. ట్రయలంటే బాగుచేసిన బండిని ఆటోనగర్ గేటు దాకా తీసుకెళ్లి, మలుపు తిప్పి, మళ్లీ షాపు ముందు నిలబెట్టడం. అది పనిలో ఒక ముక్క. స్పానరు అందివ్వడం ఎట్లాగో ఇదీ అట్లాగే. ఆ సందులో పుట్టిన మగపిల్లలందరూ కాళ్లు నేలకి ఆనకముందే ట్రయల్ కొట్టినవాళ్లే. పోలీసులు చూశారు. బడి పంతుళ్లు చూశారు. బండ్ల ఓనర్లు టీ తాగుతూ చూశారు. ఎవడూ ఒక్క మాట అనలేదు. అనలేదు గనకనే ఇదంతా జరిగింది.

అర్హాన్‌కి తండ్రితో ఉన్న బంధమంతా ఆ ట్రయల్లోనే ఉండేది. సిరాజ్ మాటలు తక్కువ మనిషి. స్కూటర్ బ్రేకుల పనిలో ఆ సందులో అతని చెయ్యి పేరున్న చెయ్యి. బండి పక్కన గొంతుకూర్చుని, పని అయిపోగానే, తల ఎత్తకుండానే తాళం భుజం మీదుగా వెనక్కి విసిరేవాడు. అర్హాన్ ఎక్కడున్నా దాన్ని కింద పడనిచ్చేవాడు కాదు. ఒక రౌండు వేసి వచ్చేవాడు. అప్పుడు కూడా తల ఎత్తకుండానే సిరాజ్ "ఎట్టా ఉంది?" అని అడిగేవాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అదొక్కటే షరతు. క్లచ్చి జారుతోంది, వెనక బ్రేకు ఆలస్యంగా పడుతోంది, హ్యాండిలు ఎడమకి గుంజుతోంది. "బానే ఉంది" అని అర్హాన్ అన్నాడా, సిరాజ్ రెండు చేతులూ చొక్కాకి తుడుచుకుని ఓనరుకి ఫోన్ చేసేవాడు. ఇంకెవరి మాటా వినేవాడు కాదు, ఆఖరికి బండి ఓనరు మాట కూడా. ఎదురుగా స్పేర్ పార్టుల కొట్టు జాన్ పాల్ ఎగతాళి చేసేవాడు, మీవాడు డాక్టరు, నువ్వు కాంపౌండరువి అని. సిరాజ్ నవ్వేవాడు కాదు. కాదనేవాడూ కాదు.

ఇప్పుడు ఆ షాపు షట్టరు దించి ఉంది. సిరాజ్ జైల్లో ఉన్నాడు. కొడుకు మొహం చూడనంటున్నాడు.

ఇంటర్ ఆఖరి పరీక్ష అయిపోయిన రోజది. అర్హాన్‌కి పదిహేడేళ్లు. స్నేహితులు బందరు కాలవ గట్టు మీద కూర్చుందామన్నారు, బీర్లు తెద్దామన్నారు. ఇరవై ఒకటి నిండనివాళ్లకి మందు అమ్మరాదని వైన్ షాపు మీదే బోర్డు ఉంది. ఆ బోర్డు కిందే డబ్బు తీసుకుని సీసాలు చేతిలో పెట్టారు. వయసెంతని అడిగిన పాపాన పోలేదు. తర్వాత కేసులో ఇంతమంది పేర్లు వచ్చాయి గానీ ఆ షాపువాడి పేరు ఎక్కడా రాలేదు.

ఇంట్లో తెలిస్తే అమ్మీ తట్టుకోలేదని అర్హాన్‌కి తెలుసు. వాళ్ల ఇంట్లో ఆ వాసనే ఎరగరు. గుప్పెడు సోంపు నమిలి, మొహం కడుక్కుని, సాయంత్రం షాపుకి వచ్చాడు. రిటైర్డ్ లెక్చరర్ పూర్ణచంద్రరావు గారి స్కూటరుకి సిరాజ్ అప్పుడే బ్రేకులు మార్చడం పూర్తిచేశాడు. కొడుకు చెప్పుల చప్పుడు విన్నాడు. తాళం విసిరాడు.

అర్హాన్ పట్టుకున్నాడు.

అదే వాడి కొంప ముంచింది. తాళం పట్టుకోగలిగాడు గనక తనకేం కాలేదనుకున్నాడు. ఆ ఒక్కసారి సిరాజ్ తల ఎత్తి ఉంటే ఎర్రబడ్డ కళ్లు కనపడేవి. కనపడితే చెంప పగిలేది. ఆ పడని దెబ్బ కోసం అర్హాన్ తర్వాత ఎంత తపించాడో వాడికే తెలుసు.

గేటు దగ్గర మలుపులో తెరేసమ్మ పెసరట్ల బండి ఉంటుంది. ఆ సందు మొత్తం పొద్దున్నే ఆమె దగ్గరే తింటుంది. సిరాజ్ కూడా. ఆ వేళకి ఆమె వ్యాపారం ముగించి, రోడ్డు వారన వంగి పెనం తోముతోంది. అర్హాన్ ఆమెని చూశాడు. చూడటానికీ, చెయ్యి బ్రేకు మీద పడటానికీ మధ్య ఎక్కడో కాస్త ఖాళీ వచ్చింది. స్కూటరు ఆమె ఎడమ కాలి మీద పడింది.

జనం మూగారు. ఎవడో కాలరు పట్టుకుని లేపి, మూతి దగ్గర ముక్కు పెట్టి, వీడు తాగి ఉన్నాడ్రా అన్నాడు. పోలీసులు గొట్టం ఊదించారు. ఏం జరిగిందని ఎస్సై అడిగినప్పుడు అర్హాన్ నోట్లోంచి ఒక మాట జారింది.

"బ్రేకు పడలేదు సార్."

అబద్ధం. ట్రయల్ కొట్టి వచ్చి వాడు చెప్పిన మొదటి అబద్ధం. దాన్ని తండ్రి విన్నాడు. పరిగెత్తుకొచ్చి, ఒళ్లంతా గ్రీజుతో, ఎస్సై వెనకాలే నిలబడి ఉన్నాడు. అప్పుడు తన చేతుల వంక చూసుకున్నాడు. కొడుకు వంక చూడలేదు.

మైనరు గనక అర్హాన్‌ని లాకప్పులో పెట్టలేదు. బాలల న్యాయమండలి ముందు పెట్టారు. అది కోర్టులా ఉండదు. ఒక మేజిస్ట్రేటమ్మ, పక్కన ఇద్దరు సభ్యులు, ఒక బల్ల. తల్లి పూచీ మీద ఇంటికి పంపారు. కొన్ని వాయిదాల తర్వాత తేల్చింది ఇది: కౌన్సెలింగుకి రావాలి, పెద్దాసుపత్రి ఎముకల వార్డులో కొన్నాళ్లు ఊరికే పని చెయ్యాలి. ఇరవై ఐదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదన్నారు, అది చట్టంలోనే ఉందట. పూర్ణచంద్రరావు గారి స్కూటరు రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దయింది. నేను రిపేరుకి ఇచ్చాను గానీ కుర్రాడికి ఇవ్వలేదు కదండీ అని ఆయన మొత్తుకుంటే ఆయన పేరు మాత్రం కేసులోంచి తీశారు.

మిగిలింది సిరాజ్. మైనరు బండి నడిపితే నేరం సంరక్షకుడిదే. తనకి తెలియకుండా జరిగిందని నిరూపించుకుంటే తప్ప బయటపడడు. జైలు మూడేళ్ల దాకా వెయ్యొచ్చు. ప్లీడరు విశ్వేశ్వర్ ఒకటే దారి చూపించాడు. తాళం నేనివ్వలేదు అని చెప్పు, అంతే.

సిరాజ్ చెప్పాడు. బోనులో నిలబడి, నేల చూస్తూ, తాళం గోడకి తగిలించి ఉందనీ, వాడే తీసుకుపోయాడనీ, తను చూడలేదనీ చెప్పాడు. కోర్టు వరండాలో కిటికీ పక్కన తల్లితో నిలబడి అర్హాన్ ఆ మాట విన్నాడు. కోపం రాలేదు వాడికి. తను తండ్రి పని మీద అబద్ధం చెప్పాడు, తండ్రి తన మీద చెప్పాడు. కాకపోతే ఆ గొంతు ఎప్పుడూ అట్లా వినలేదు.

అప్పుడు సాయం చేద్దామని జాన్ పాల్ సాక్ష్యానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూనె రాసుకుని మరీ వచ్చాడు. ఈ కుర్రాడు ఎప్పుడైనా బండి నడపడం చూశారా అని సర్కారు ప్లీడరు అడిగాడు.

"అబ్బే, నడపడండి. బుద్ధిమంతుడు. ట్రయలే కొడతాడు" అన్నాడు జాన్ పాల్. "ఎనిమిదో క్లాసు నించీ వాళ్ల నాన్న తాళం విసిరితే పట్టుకుని ట్రయల్ కొట్టుకొచ్చి ఇస్తాడు. అంతే."

"ట్రయల్ ఎక్కడ కొడతాడు?"

"రోడ్డు మీదేనండి. ఇంకెక్కడ కొడతారు?"

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. జాన్ పాల్ కూడా నవ్వాడు, బాగా చెప్పాననుకుని. తను ఏం చేశాడో బయటికొచ్చాక విశ్వేశ్వర్ తిడుతుంటే గానీ అతనికి అర్థం కాలేదు. మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

సిరాజ్‌కి మూడు నెలలు పడింది. జరిమానా వేరే. మంత్రుల కొడుకులూ కాంట్రాక్టర్ల కొడుకులూ జనం మీద కార్లు ఎక్కించేసినప్పుడు ఈ చట్టం కాగితాలు ఏ బీరువాలో నిద్రపోతాయో అడిగేవాడు లేడు. అట్లాగని తెరేసమ్మ కాలు విరగకుండా పోదు. రెండూ నిజమే.

*

అర్హాన్ తల్లి ఖుర్షీదా వారం వారం జైలుకి ములాఖత్‌కి వెళ్లేది. మొదటిసారి కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లింది. లోపలి నుంచి కబురు వచ్చింది, ఆమెని ఒక్కదాన్నే పంపండి అని. రెండోసారీ అంతే. తర్వాత అర్హాన్ గేటు బయట వేపచెట్టు కింద నిలబడేవాడు. తల్లి బయటికి రాగానే ఆమె మొహంలో వెతికేవాడు, తండ్రి ఎట్లా ఉన్నాడో.

బ్రేకు పడిందని చెప్పు అమ్మీ, నేనే వెయ్యలేదు, భయపడి అట్లా అన్నానని చెప్పు, అని బతిమాలి పంపాడు. ఆమె చెప్పింది. సిరాజ్ నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి అంటున్నాడన్నాడట. బ్రేకు ఇన్‌స్పెక్టరు కూడా బండిలో లోపం లేదని రాశాడు కదా అంటే, ఆయన బండి ఎక్కి చూశాడా, నిలబెట్టి చూసి రాశాడన్నాడట. ట్రయల్ కొట్టి వాడెప్పుడూ నాకు అబద్ధం చెప్పలేదు, పడలేదన్నాడంటే పడలేదు, తెరేసమ్మ కాలు విరిచింది నా చెయ్యే. ఈ చేతుల్తో ఇక బ్రేకు ముట్టుకోను, సామాన్లు ఎవరికైనా ఇచ్చెయ్ అన్నాడట.

"మరి నన్నెందుకు రానివ్వడు?" అని అడిగాడు అర్హాన్.

ఖుర్షీదా బుర్ఖా అంచుతో కళ్లు తుడుచుకుని చెప్పింది. "తాళం ఇవ్వలేదన్నాడు కదా బేటా. ఏ మొహం పెట్టుకుని చూడాలి అంటున్నాడు."

ఆ తర్వాత అర్హాన్ నడకకి అలవాటు పడ్డాడు. పటమటలో ఇంటి నించి ఆసుపత్రికి నడక, ఆసుపత్రి నించి ఇంటికి నడక. స్నేహితులు ఎక్కమన్నా ఎవరి బండి వెనకా ఎక్కలేదు. దారి చుట్టైనా సందులోంచే వెళ్లేవాడు. దించిన షట్టరు ముందు ఇంజనాయిలు మరకలు ఇంకా ఉన్నాయి. వేరే షాపుల కుర్రాళ్లు ట్రయల్ కొట్టి వస్తుంటే ఆ చప్పుడుకి వాడి చెవులు నిక్కబొడుచుకునేవి. మూడో బండికి చెయిన్ వదులుగా ఉంది, ఈ బండికి సైలెన్సరు పగిలింది. చెప్పడానికి ఎవరూ లేరు. ఎక్కడైనా తాళంచెవుల చప్పుడు వినపడితే కుడిచెయ్యి దానంతటదే తెరుచుకునేది. బస్టాపులో, టీకొట్టు దగ్గర, ఒకసారి మసీదులో. తెరుచుకున్న చేతిని జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

ఆసుపత్రిలో వాడి పని చక్రాల కుర్చీలు తోయడం. కట్టు విప్పించుకునే వాళ్లని, ఎక్స్‌రేకి వెళ్లేవాళ్లని. ఒకరోజు సిస్టరు ఒక కుర్చీ చూపించి వీళ్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు అంది. అర్హాన్ పిడులు పట్టుకున్నాక గానీ కూర్చున్నదెవరో చూడలేదు. తెరేసమ్మ మాత్రం మెడ తిప్పి చూసింది.

"నువ్వా? నెమ్మదిగా తొయ్యి. నీ చేతిలో చక్రాలున్నాయంటే నాకు భయం."

వాడు ఒక్కో అడుగూ చూసుకుంటూ వరండా పొడుగునా తోశాడు. డాక్టరు గది ముందు వరస పెద్దగా ఉంది. తెరేసమ్మే మాట్లాడింది. కాల్లో రాడ్డు వేశారని, చలికాలం పీకుతోందని, ఇన్సూరెన్సు వాళ్లు తాగిన పిల్లాడు నడిపాడు మాకు సంబంధం లేదని కోర్టుకెక్కారని, అందుకని మళ్లీ బండి పెట్టుకున్నానని, ఎత్తు పీట మీద కూర్చుని అట్లు పోస్తున్నానని. ఇంటి నించి గేటు దాకా బండి తోసుకుపోవడమే చావుగా ఉందని.

మర్నాడు తెల్లవారుతూ అర్హాన్ ఆమె ఇంటి ముందు నిలబడ్డాడు. ఆమె ఎందుకొచ్చావని అడగలేదు. పెనం ఎత్తి బండి మీద పెట్టమంది.

అట్లా రోజూ. ఆమె కర్ర పొడుచుకుంటూ వెనక వచ్చేది, దారంతా తిడుతూ వచ్చేది. గుంట చూసుకో. అది పెసరపిండిరా, కాంక్రీటు కాదు. ఇది ట్రయల్ కాదు, నాకు తిండి పెట్టే బండి. వాడికి ఆ తిట్లు బాగుండేవి. ఇంట్లో ఎవరూ తిట్టడం లేదు. తల్లి గాజుసీసాని పట్టుకున్నట్టు పట్టుకుంటోంది.

ఒకరోజు పిండి కలుపుతూ తెరేసమ్మ, మీ నాన్న ఏమంటున్నాడ్రా అని అడిగింది. అర్హాన్ చెప్పకూడదనుకున్నాడు గానీ అంతా చెప్పేశాడు. బ్రేకు సంగతీ, అబద్ధం సంగతీ, వేపచెట్టు సంగతీ. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"అంటే నా కాలు విరిగిన ఇన్నాళ్లకి, మీ తండ్రీకొడుకులిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేక ఏడుస్తున్నారా? నా మొహం ఎవడైనా చూశాడా?"

వాడు తల దించుకున్నాడు.

"పన్నెండేళ్లు నా చేతి అట్టు తిన్నాడు. ఆసుపత్రికొచ్చి, అమ్మా తప్పయిపోయింది అనలేదు. నేను అడగాలి ఆయన్ని. ఈ వారం మీ అమ్మని ఆగమను. నేను పోతా."

*

ములాఖత్ కిటికీ దగ్గర తెరేసమ్మ తన ఆధార్ కార్డు ఇచ్చింది. అర్హాన్ తనదీ పెట్టాడు, ఎప్పటిలాగే. కాసేపటికి వార్డరు వచ్చి, ఆమెని చూస్తానన్నాడు, కుర్రాణ్ని వద్దన్నాడు అని చెప్పాడు. అర్హాన్‌కి అలవాటే. కార్డు తీసుకుని వెనక్కి తిరిగాడు.

తెరేసమ్మ వాడి భుజం వదల్లేదు. ఒక చేతిలో కర్ర, ఒక చెయ్యి వాడి భుజం మీద. ముందు మెట్లున్నాయి.

"నన్ను నువ్వు ఎత్తుకుంటావా?" అంది వార్డరుతో.

"రూలు ఒప్పుకోదమ్మా. ఖైదీ వద్దన్నవాళ్లని పంపకూడదు."

"వీణ్ని చూడటానికి పంపొద్దు. నేను పడకుండా ఉండటానికి పంపు. కాలు ఇది, చూడు." చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి కుట్ల మచ్చ చూపించింది. వార్డరు తల తిప్పుకుని, మెట్ల దాకానే అన్నాడు. మెట్లెక్కాక ఇంకో నాలుగడుగులే కదా అంది ఆమె.

లోపల పెద్ద సందడి. ఇనప జాలీకి ఇవతల జనం, అవతల జనం, అందరూ ఒకేసారి అరిచి మాట్లాడుతున్నారు. సిరాజ్ అవతల వైపు నుంచి తల దించుకునే వచ్చాడు. చిక్కిపోయాడు. గోళ్లలో గ్రీజు లేదు. ఆ చేతులు అంత తెల్లగా ఉండటం అర్హాన్ పుట్టాక చూడలేదు.

ముందు సిరాజ్‌కి కర్ర కనపడింది. తర్వాత వంకర తిరిగిన పాదం. చేతులు జోడించాడు. పెదవులు కదిలాయి.

"ఏమయ్యా సిరాజూ" అంది తెరేసమ్మ, గొంతు పెంచకుండానే. "నా కాలు విరగ్గొట్టింది వీడు. దానికి వీడు రోజూ నా బండి తోస్తున్నాడు. నువ్వేం చేస్తున్నావు? లోపల కూర్చుని చేతులు చూసుకుంటున్నావంట. చూసుకోవాల్సింది అవేనా? ఆ రోజు తల ఎత్తి వీడి మొహం చూసుంటే నా కాలు నాకుండేది."

సిరాజ్ జోడించిన చేతులు దించలేదు. తప్పయిపోయిందమ్మా అన్నాడు. చాలా మెల్లిగా అన్నాడు. ఆ అరుపుల్లో కూడా వినపడింది.

"నాకు చెప్పావు, సరే. ఇప్పుడు వీణ్ని అడుగు. బండి ఎట్టా ఉందని వీణ్నే కదా అడుగుతావు ఎప్పుడూ."

ఆమె పక్కకి ఒరిగి జాలీ పట్టుకుంది. భుజం మీద బరువు పోయేసరికి అర్హాన్ ఒక్కడే నిలబడ్డట్టు అయ్యాడు. సిరాజ్ చూపు నేల మీద నుంచి కొడుకు చెప్పుల దగ్గరికి వచ్చింది, అక్కడ ఆగింది. వెనక ఎవరో పిల్ల ఏడుస్తోంది. వార్డరు టైమైపోతోందని అంటున్నాడు.

సిరాజ్ తల ఎత్తాడు. కొడుకు మొహం మీద మీసం కాస్త చిక్కబడింది. కళ్ల కింద నల్లబడింది. ఒక్కొక్కటీ చూశాడు, బండిని చూసినట్టే, ముందు నించి వెనక దాకా.

"ఎట్టా ఉంది?" అన్నాడు.

అర్హాన్ జాలీకి దగ్గరగా జరిగాడు. ఈ మాట కోసమే వేపచెట్టు కింద నిలబడ్డాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

"మలుపు దాకా బానే పోయింది అబ్బాజాన్. ఆంటీ కనపడింది. నా చెయ్యి బ్రేకు మీద లేదు. తాగి ఉన్నా. వేసేసరికి ఆలస్యమైంది. వేశాక పట్టింది. చాలా గట్టిగా పట్టింది. వెనక టైరు జారి బండి అక్కడికక్కడే పడిపోయింది. పట్టకపోతే ఆంటీ మీదెక్కి పోయేది. పడలేదని చెప్పింది అబద్ధం." ఊపిరి పీల్చుకున్నాడు. "బ్రేకు బానే ఉంది."

తెరేసమ్మ తన కాలి వంక చూసుకుంది. బండి తన మీదెక్కకుండా ఆపింది ఆ బ్రేకేనని ఆమెకీ ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

సిరాజ్ రెండు చేతులూ జైలు చొక్కాకి తుడుచుకున్నాడు. ముందు అరచేతులు, తర్వాత వేళ్లు ఒక్కొక్కటే. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. కళ్లు మాత్రం కొడుకు మీద నుంచి తియ్యలేదు.

"నా బండి ఎడమ చక్రం గుంజుతోంది" అంది తెరేసమ్మ. "బయటికొచ్చాక చూడు. వీడు చూస్తానంటున్నాడు, నాకు నమ్మకం లేదు."

వార్డరు బల్ల మీద కొట్టాడు. జనం విడిపోతున్నారు. అర్హాన్ భుజం మీద మళ్లీ బరువు పడింది. ఆమె నడక నిదానం గనక వాళ్లే అందరికంటే ఆఖరున బయటికొచ్చారు. నాలుగడుగులకోసారి, ప్రతి మెట్టు దగ్గరా అర్హాన్ వెనక్కి తిరిగి చూశాడు. జాలీ అవతల సిరాజ్ అక్కడే ఉన్నాడు. వార్డరు భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపిస్తుంటే కూడా తల ఇటే తిరిగి ఉంది.

ముందు చూసి నడవరా అంది తెరేసమ్మ. వాడు విన్నాడు గానీ, ఇంకోసారి తిరిగాడు.